సిడ్నీ రేవును మొదటిసారి చూడబోయే దంపతులకు

సిడ్నీకి మొదటిసారి వెళ్లే దంపతులు చాలామంది దిగిన రోజునే ఒపేరా హౌస్ లోపలి టూరుకో, హార్బర్ బ్రిడ్జి కమాను ఎక్కించే టికెట్టుకో డబ్బు కట్టేసి, చెప్పిన వేళకు చేరుకోవాలన్న హడావుడిలో ఊరిని చూడకుండానే ఊళ్లో తిరుగుతారు. నేను చెప్పే పద్ధతి వేరు. ఆ నగరం రేవును ఆనుకుని పెరిగింది కాబట్టి దాని ముఖం నీళ్ల వైపే ఉంది. మొదటి రెండు మూడు రోజులు టికెట్టు వినోదాలన్నీ పక్కనపెట్టి, ఊరి జనం ఆఫీసులకు వెళ్లడానికి ఎక్కే మామూలు ఫెర్రీల మీదా, కాలినడకనా చూస్తే, ఏది ఎక్కడుందో, అక్కడే ఎందుకుందో బోధపడుతుంది. ఏ టికెట్టుకు డబ్బు పెట్టాలో ఆ తరువాత నిదానంగా తేల్చుకోవచ్చు.

బయలుదేరేముందు ఇంటి దగ్గరే శ్రద్ధ పెట్టవలసినది పెట్టె సర్దడం. ఆస్ట్రేలియా తన పంటలనూ పశువులనూ తెగుళ్ల నుంచి కాపాడుకోవడానికి తిండి పదార్థాల విషయంలో చాలా కఠినంగా ఉంటుంది. పచ్చి కరివేపాకు, పండ్లు, విత్తనాలు ఇంట్లోనే వదిలేయండి. పచ్చడి, పొడులు, స్వీట్లు ఏవి తీసుకువెళ్లినా విమానంలో ఇచ్చే కార్డులో తిండి పదార్థాలు ఉన్నాయని రాయండి. దుకాణంలో కొన్నవి, లేబులు ఉన్నవి అయితే పరీక్షించే అధికారికి పని సులువవుతుంది. చెప్పిన వస్తువును చూసి తిరిగి ఇస్తారు, లేదా తీసుకుని పారేస్తారు. చెప్పకుండా దొరికితే మాత్రం అక్కడికక్కడే జరిమానా పడవచ్చు. భార్య పెట్టె సర్ది, భర్త కార్డు నింపే ఇళ్లలో, ఏ మూల ఏ పొట్లం దాగి ఉందో ఇద్దరికీ తెలిసి ఉండటం మరీ అవసరం.

రైళ్లు, బస్సులు, ఫెర్రీలు అన్నింటికీ ఓపల్ అనే ప్రయాణపు కార్డు గాని, విదేశాల్లో పనిచేసే మీ బ్యాంకు కార్డు గాని సరిపోతుంది. అయితే ఎక్కేచోట ఉండే యంత్రానికి ఒకే కార్డును ఇద్దరి కోసం రెండుసార్లు తాకించడం కుదరదు కాబట్టి ఎవరి కార్డు వారి దగ్గర ఉండాలి. ఎక్కేటప్పుడు తాకించినట్లే దిగేటప్పుడూ తాకించాలి, లేకపోతే ఛార్జీ ఎక్కువ పడుతుంది. రోజంతా ఎంత తిరిగినా ఒక పరిమితి దాటి డబ్బు కోయరు. శుక్ర, శని, ఆదివారాల్లో ఆ పరిమితి ఇంకా తక్కువ. అందుకే దూరపు ఫెర్రీలన్నీ ఆ రోజులకు పెట్టుకోవడం లాభం.

విమానాశ్రయం నుంచి రైల్లో నేరుగా సర్క్యులర్ కీ స్టేషన్‌కు రండి. విమానాశ్రయం స్టేషన్ వాడుకున్నందుకు అదనపు రుసుము ఉంటుంది, ఆ ఖర్చుకు గొణగకండి. నగరం కింద సొరంగాల్లో సాగిన రైలు సర్క్యులర్ కీ దగ్గర ఒక్కసారిగా వెలుతురులోకి వచ్చి, నేలకు ఎత్తున ఉన్న ప్లాట్‌ఫారం మీద ఆగుతుంది. నీళ్ల వైపు ప్లాట్‌ఫారం అంచున నిలబడితే ఎడమ చేతి వైపు వంతెన, కుడి చేతి వైపు ఒపేరా హౌస్, కాళ్ల కింద ఫెర్రీలు వచ్చిపోయే రేవు ఒకే చూపులో అందుతాయి. లగేజీ పక్కన పెట్టుకుని అక్కడ కాసేపు ఆగండి. వెనక వచ్చేవారికి దారి ఇస్తే ఎవరూ ఏమీ అనరు.

సిడ్నీ గడియారం మనకంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా అయిదున్నర గంటలు. అంటే తెల్లవారి ఏడింటికి దిగినవారి ఒంటికి అది ఇంకా అర్ధరాత్రి దాటిన వేళే. ఆ పూట హోటల్ గదిలో నడుము వాలిస్తే సాయంత్రం దాకా లేవలేరు. సామాను హోటల్లో అప్పగించి, స్నానం కుదిరితే చేసి, రేవు అవతల సముద్రపు ఒడ్డున ఉన్న మ్యాన్లీ అనే పేటకు వెళ్లే ఫెర్రీ ఎక్కేయండి. ఎండా గాలీ నిద్రమత్తును వదలగొడతాయి.

ఈ ప్రయాణం దాదాపు అరగంట. ఇంతకంటే వేగంగా తీసుకువెళ్లే ప్రైవేటు పడవలు ఉన్నా వాటిని ఈసారికి వదిలేయండి, ఇక్కడ ఆలస్యమే లాభం. పైడెక్కు మీద వెనక భాగంలో చోటు చూసుకోండి. ముందు భాగం కోసం అందరూ తోసుకుంటారు గాని, రేవు విడిచిన మొదటి పది నిమిషాల్లో చూడవలసినదంతా వెనకే ఉంటుంది: ఒపేరా హౌస్ పక్కనుంచి జరిగిపోయి, వంతెన ముందుకు వచ్చి, రెండూ కలిసి క్రమంగా చిన్నవవుతాయి. ఆ తరువాత నీళ్ల మధ్య రాతి బురుజుతో ఒక చిన్న ద్వీపం వస్తుంది. అది ఫోర్ట్ డెనిసన్. రేవును శత్రునౌకల నుంచి కాపాడటానికి కట్టిన ఈ కోట 1857లో పూర్తయ్యింది. దాన్ని దాటాక రెండు కొండకొమ్ముల నడుమ పసిఫిక్ మహాసముద్రం తెరుచుకుంటుంది, అప్పటిదాకా చెరువులా ఉన్న నీటిలో అలల ఊపు మొదలై పడవ పక్కలకు ఒరుగుతుంది. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు ఆ కాసేపు లోపల, పడవ నడిమి భాగంలో కూర్చోవడం మంచిది.

ఇక్కడ దంపతులకు ఒక మాట. ఇద్దరూ ఒకేచోట నిలబడి ఒకదాన్నే చూడనక్కరలేదు. మావారు కమ్మీ పట్టుకుని నిలబడి ఏ కొండ పేరేమిటో మ్యాపుతో సరిచూసుకునే మనిషి. నేను లోపల కూర్చుని మనుషులను చూస్తాను. ఆయనకు రేవు ఆకారం మొత్తం తెలిసింది. చిన్న రేవులకు తిరిగే ఫెర్రీల్లో పడవ సిబ్బంది చేసే పని నాకు కనిపించింది: పడవ ఇంకా కదులుతుండగానే తాడు ఉచ్చును ఒక్క విసురుతో గట్టు మీది ఇనుప గుంజకు తగిలిస్తారు, తాడు కిర్రుమని బిగుసుకుంటుంది, పడవ ఆగీ ఆగకముందే నడకపలకను గట్టు మీదికి తోస్తారు, స్కూలు యూనిఫాం పిల్లలు దాని మీదుగా పుస్తకంలోంచి తలెత్తకుండానే దిగిపోతారు. రాత్రి భోజనం దగ్గర ఎవరు చూసింది వారు చెప్పుకుంటే ఒకే టికెట్టుకు రెండు ప్రయాణాలు దక్కినట్లే.

మ్యాన్లీలో దిగాక కోర్సో అనే నడక వీధి గుండా కొద్ది నిమిషాల్లో సముద్రపు ఒడ్డుకు చేరవచ్చు. నీళ్లలోకి దిగేటట్లయితే ఎరుపు, పసుపు జెండాల నడుమే దిగండి, కాపలా ఉండేది అక్కడే. తిరుగు ప్రయాణం మాత్రం సూర్యాస్తమయానికి అరగంట ముందు పెట్టుకోండి. అప్పుడు పడవ పడమటికి, వంతెన వెనక దిగుతున్న సూర్యుడి వైపుకు సాగుతుంది.

ఫొటోలు తీసేవారికి సూర్యుడి సంగతి ముందే తెలియాలి. దక్షిణార్ధ గోళం కావడం వల్ల అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరపు ఆకాశంలో ఉంటాడు. సర్క్యులర్ కీ ఉత్తరాన్ని చూస్తుంది కాబట్టి, మధ్యాహ్నం అక్కడ నిలబడి రేవును తీస్తే ఎండ కెమెరా కళ్లలోనే కొడుతుంది, మనుషుల ముఖాలు నల్లబడతాయి. ఉదయం పూట తూర్పున ఉన్న మిసెస్ మెక్వారీస్ పాయింట్‌కు వెళితే వెలుగు మీ వెనక ఉండి, వంతెనా ఒపేరా హౌస్ కలిసి చక్కగా పడతాయి. గవర్నరు భార్య ఎలిజబెత్ మెక్వారీ కూర్చోవడానికి ఖైదీల చేత ఇసుకరాతిలో తొలిపించిన ఆసనం అక్కడ ఇప్పటికీ ఉంది. దారిలో వచ్చే రాయల్ బొటానిక్ గార్డెన్ 1816 నాటిది, ప్రవేశం ఉచితం. మబ్బు పట్టిన రోజైనా టోపీ, సన్‌స్క్రీన్ మరచిపోవద్దు. అక్కడి ఎండ చుర్రుమనకుండానే చర్మాన్ని కాలుస్తుంది.

రెండో రోజు నడకకు కేటాయించండి. ఒపేరా హౌస్ నిలిచిన, నీళ్లలోకి చొచ్చుకువచ్చిన కొమ్ము పేరు బెనెలాంగ్ పాయింట్. వంతెనకు అవతల, పడమటి వైపున్న ఉద్యానవనం పేరు బారంగరూ. ఈ రెండూ మనుషుల పేర్లే, వీళ్లిద్దరూ భార్యాభర్తలు. ఆంగ్లేయులు 1788లో ఇక్కడ దిగినప్పుడు ఈ రేవు చుట్టూ ఉన్న ఆదిమ తెగల మనుషులు. బెనెలాంగ్ ఆంగ్లేయులతో కలిసిమెలిసి తిరిగాడు, గవర్నర్ ఫిలిప్ అతని కోసం ఈ కొమ్ము మీద ఇటుక గుడిసె కట్టించాడు, 1792లో ఇంగ్లండుకు కూడా తీసుకువెళ్లాడు. బారంగరూ మాత్రం వారి బట్టలు కట్టుకోవడానికే ఒప్పుకోలేదు, 1791లో చనిపోయింది. ఈ తెగల్లో గాలంతో చేపలు పట్టేది ఆడవాళ్లే. చెట్టు బెరడుతో చేసిన పడవలో మట్టి పరచి, దాని మీద నిప్పు రాజేసుకుని, పట్టిన చేపను అక్కడే కాల్చుకునేవారు. ఈ సంగతి తెలిసి నడిస్తే ఆ దారి వేరుగా కనిపిస్తుంది.

ఒపేరా హౌస్ దగ్గర మెట్లెక్కి పైకప్పును ఆనుకునేంత దగ్గరికి వెళ్లండి. దూరం నుంచి తెల్లగా కనిపించేది నిజానికి రెండు రకాల పలకలు, మెరిసే తెలుపు ఒకటి, మెరుపు లేని మీగడ రంగు మరొకటి. మొత్తం పదిలక్షలకు పైగా ఉన్నాయి, స్వీడన్‌లో తయారయ్యాయి. ఆ రెండో రకం ఉండబట్టే మధ్యాహ్నపు ఎండలో కూడా ఆ భవనం కళ్లు చెదరగొట్టదు. దాని రూపకర్త, డెన్మార్క్‌కు చెందిన యోర్న్ ఉట్జాన్, ప్రభుత్వంతో తగాదా వచ్చి 1966లో పని వదిలి వెళ్లిపోయాడు. 1973లో భవనం తెరిచాక కూడా ఆయన దాన్ని కళ్లారా చూడలేదు.

అక్కడి నుంచి నీటి అంచునే నడిస్తే సర్క్యులర్ కీ, ది రాక్స్ అనే పాత పేట, వంతెన అడుగు, వాల్ష్ బే పాత గిడ్డంగులు దాటి బారంగరూ వస్తుంది. తీరిగ్గా నడిస్తే గంటకు పైగా పడుతుంది. కొన్నాళ్ల క్రితం దాకా ఓడల కంటైనర్లు దించిన ఆ చోటును ఇసుకరాతి బండలతో, స్థానిక మొక్కలతో తిరిగి కొండకొమ్ములా మలిచి 2015లో జనానికి తెరిచారు. తిరిగి వచ్చేటప్పుడు నడవకండి. బారంగరూ రేవులో ఫెర్రీ ఎక్కితే అది వంతెన కిందుగా తీసుకువస్తుంది. ఒక్క జాగ్రత్త: సర్క్యులర్ కీ పడమటి గట్టుకు విహారనౌక కట్టిన రోజున, పెద్ద అపార్టుమెంటు అడ్డం వచ్చినట్లు ది రాక్స్ నుంచి ఒపేరా హౌస్ కనిపించదు. నౌకల రాకపోకల పట్టిక రేవు అధికారులు ఆన్‌లైన్‌లో పెడతారు, చూసుకుని వెళ్లండి.

వంతెన మీద నడవడానికి డబ్బు కట్టనక్కరలేదు. ఫెర్రీలో వంతెన ఉత్తరపు కొస దగ్గరున్న మిల్సన్స్ పాయింట్‌కు వెళ్లి, అక్కడి నుంచి నగరం వైపుకు నడవండి. ఎండ వీపు మీద ఉంటుంది, ఒపేరా హౌస్ అడుగడుక్కీ దగ్గరవుతుంది. రెండు కొసల్లోనూ లిఫ్టులు ఉన్నాయి కాబట్టి మెట్లెక్కలేనివారూ రావచ్చు. 1932లో తెరిచిన ఈ వంతెన కమాను పొడవు 503 మీటర్లు. కొసల్లో కనిపించే భారీ రాతి బురుజులు దాన్ని మోస్తున్నాయనిపిస్తుంది గాని, అవి కేవలం చూడటానికి కట్టినవే. బరువంతా కమాను మొదట్లో ఉన్న ఉక్కు కీళ్ల మీద పడుతుంది.

మనవారి భోజనం కావాలనిపించినప్పుడు, రేవు దగ్గరి ఖరీదైన హోటళ్లలో వెతకడం మాని, పడమటి వైపున్న పారమట్టాకు వెళ్లే ఫెర్రీ ఎక్కండి. గంటన్నరకు దగ్గరగా సాగే ఈ ప్రయాణంలో రేవు క్రమంగా నదిగా సన్నబడి, రెండు ఒడ్డులా మడ చెట్లు వస్తాయి. నీళ్లు బాగా తగ్గినప్పుడు ఒక్కోసారి చివరి కాస్త దూరం బస్సులో పంపుతారు. దిగాక హారిస్ పార్క్‌లోని విగ్రామ్ స్ట్రీట్‌కు నడిచి వెళ్లవచ్చు. దోసెలు, బిర్యానీ, మిఠాయిలు అమ్మే భారతీయ దుకాణాలు ఆ వీధి పొడవునా ఉన్నాయి. తిరుగు ప్రయాణానికి రైలు చాలు. దైవదర్శనం కూడా కావాలంటే, నగరానికి దక్షిణంగా హెలెన్స్‌బర్గ్‌లో శ్రీవేంకటేశ్వరాలయం ఉంది. దానికి మాత్రం ఒక పూట విడిగా పెట్టుకోండి, కారు ఉంటే మేలు.

ఇదంతా అయ్యాక టికెట్ల సంగతి. కమాను ఎక్కించే యాత్ర ఖరీదైనది, పైగా సొంత ఫోను, కెమెరా పైకి తీసుకువెళ్లనివ్వరు. ఎత్తు నుంచి రేవును చూడాలన్నదే కోరిక అయితే, ఆగ్నేయపు బురుజు లోపల 200 మెట్లెక్కి చూసే వీలుంది, దానికి ఇందులో కొద్ది వంతే అవుతుంది. ఒపేరా హౌస్ విషయంలో పగటి టూరుకంటే ఏదైనా కచేరీకి చౌక సీటు కొనుక్కోవడం నాకు నచ్చుతుంది. విరామంలో ఉత్తరపు గాజుగోడ దగ్గరికి రానిస్తారు, మ్యాన్లీ నుంచి వచ్చే ఆఖరి ఫెర్రీలను అక్కడి నుంచి చూడవచ్చు.