మందులు లేవన్నారా? ఆసుపత్రి లెక్క ఇలా అడగండి

సర్కారు ఆసుపత్రిలో మందులు లేవు, బయట కొనుక్కోమని చీటీ రాసిచ్చారు. ఇంటికొచ్చి ఏం చేస్తాం? నలుగురి ముందూ తిట్టుకుంటాం. కాస్త ఓపిక ఉన్నవాళ్లు సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లి అర్జీ ఇస్తారు. ఆ అర్జీ మెట్టు మెట్టూ దిగి, ఎవరి మీద ఇచ్చామో ఆ డాక్టరుగారి టేబుల్ మీదకే చేరుతుంది. తర్వాత ‘సమస్య పరిష్కరించబడినది’ అని ఫోన్‌కి మెసేజ్. అర్జీలు వద్దనను. కుళాయి పాడైతే బాగుచేయించడానికి పనికొస్తాయి. డబ్బు ఎంత వచ్చింది, ఎటు పోయింది అనేది మాత్రం అర్జీతో తేలదు. దానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి.

గుంటూరులో మా వీధివాళ్లకీ, విజయవాడలో చుట్టాలకీ ఇలాంటివి చాలా రాసిపెట్టాను. సగానికి పైగా దరఖాస్తులు ఒకే చోట చెడిపోవడం చూశాను. అడిగే ప్రశ్న దగ్గర. మిగతాదంతా గంటలో తెమిలే పని.

కావలసినవి

రెండు తెల్లకాగితాలు, పెన్ను, పది రూపాయల పోస్టల్ ఆర్డర్. అంతే. నోటరీ అక్కర్లేదు, లాయరు అక్కర్లేదు. సమాచారం ఎందుకో చెప్పాల్సిన పని లేదని చట్టంలో సెక్షన్ 6(2) తేటగా చెబుతోంది. ‘మీకెందుకండీ ఇవన్నీ?’ అని గుమాస్తా అడిగితే నవ్వి ఊరుకోండి.

మన రాష్ట్ర రూల్స్ ప్రకారం గ్రామస్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, ఐదా పదా అని పేచీలో పడకండి, పది పెట్టేయండి. తెల్ల కార్డువాళ్లకి ఫీజు లేదు, కార్డు జిరాక్స్ జతచేస్తే చాలు. నగదు కట్టి రసీదు తీసుకోవచ్చు, కానీ నేను పోస్టల్ ఆర్డర్ తప్ప వేరేది వాడను, మీరూ వాడొద్దు. దానికో నంబరుంటుంది. ఆ నంబరు దరఖాస్తులో రాసేస్తే ‘ఫీజు అందలేదు’ అనే మాటకి చోటుండదు.

ఎవరికి రాయాలి

‘పౌర సమాచార అధికారి’ అని రాసి, కింద ఆ ఆసుపత్రి పేరు. పేరు పెట్టి డాక్టరుగారికి రాయొద్దు, రేపు ఆయన బదిలీ అయిపోతారు. పీహెచ్‌సీల లెక్కలకి జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి కార్యాలయం. గుంటూరు జీజీహెచ్, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి బోధనాసుపత్రులకి సూపరింటెండెంటు కార్యాలయం. మందులు, పరికరాల కొనుగోలు టెండర్లు కావాలంటే మంగళగిరిలోని ఏపీఎంఎస్‌ఐడీసీ, అంటే రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక వసతుల సంస్థ. మంగళగిరి ఎయిమ్స్ మాత్రం కేంద్రానిది, దానికి కేంద్రం వారి ఆన్‌లైన్ పోర్టల్‌లో కూడా పెట్టుకోవచ్చు. అడ్రస్ తప్పితే కంగారు లేదు. ఐదు రోజుల్లో సరైన కార్యాలయానికి బదిలీ చేయాలని సెక్షన్ 6(3).

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. సత్తెనపల్లి వైపు ఆసుపత్రుల అంతకుముందు లెక్కలు గుంటూరులో ఉండొచ్చు, తర్వాతవి నరసరావుపేటలో. మైలవరం వాళ్లకి పాతవి మచిలీపట్నంలో, కొత్తవి విజయవాడలో. ఆ తేదీకి ఇటూ అటూ కలిపి ఒకే దరఖాస్తులో అడిగితే రెండు ఆఫీసులూ బంతాట ఆడతాయి. రెండుగా పెట్టండి.

ఇక అసలు పని: ప్రశ్న రాయడం

ఇక్కడ నిదానించండి.

మొదట్లో నేను పెట్టిన దరఖాస్తు రెండు పేజీలు. ఎందుకు మందులు లేవు? ఎవరిది బాధ్యత? పేదలంటే ఇంత చులకనా? ఒక్కో ప్రశ్న రాస్తుంటే రక్తం మరిగిపోయింది. ముప్పై రోజులకి జవాబు ఒక్క వాక్యం: ‘మీరు కోరినది చట్టంలోని సమాచారం నిర్వచనం పరిధిలోకి రాదు.’ కోపంగా అప్పీలుకెళ్లాను. అక్కడా అదే మాట. ఒప్పుకోవడానికి కొన్నాళ్లు పట్టింది గానీ, వాళ్లన్నది నిజమే.

ఈ చట్టం మనకి ఇచ్చేది కాగితం. కార్యాలయంలో ఇప్పటికే ఉన్న కాగితం, రిజిస్టరు, ఫైలు, కంప్యూటర్‌లో ఉన్న లెక్క. 2011లో సీబీఎస్‌ఈ జవాబు పత్రాల కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చినప్పుడు విద్యార్థులకి తమ జవాబు పత్రాలు చూసుకునే హక్కు దక్కిందని అందరూ సంబరపడ్డారు. అదే తీర్పులో ఇంకో ముక్క ఉంది: లేని సమాచారాన్ని తయారు చేసి ఇవ్వక్కర్లేదు, మన కోసం లెక్కలు కూడి విశ్లేషించి చెప్పక్కర్లేదు. కాబట్టి ‘ఎందుకు’ అన్న మాట మీ దరఖాస్తులో ఎక్కడున్నా కొట్టేయండి. ‘సరైన’, ‘తగిన’, ‘అక్రమంగా’ కూడా అంతే. ‘ఎన్ని సార్లు మందులు అయిపోయాయి?’ అన్నది కూడా నడవదు, అది ఎవరో కూర్చుని లెక్కపెట్టాల్సిన పని. ఆ లెక్క మీరే పెట్టుకోండి, రిజిస్టరు నకలు అడగండి.

2015 ఆగస్టులో గుంటూరు జీజీహెచ్‌లో పసికందుని ఎలుకలు కొరికిన ఉదంతం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఊరంతా అడిగింది ‘ఎలుకలు ఎలా వచ్చాయి?’ అని. న్యాయమైన ప్రశ్నే, కానీ దానికి జవాబుగా ఇవ్వడానికి ఏ బీరువాలోనూ కాగితం ఉండదు. ఇలాంటప్పుడు అడగాల్సినవి పారిశుద్ధ్య కాంట్రాక్టు ఒప్పందం నకలు, ఆ నెలకి కాంట్రాక్టరుకి చెల్లించిన బిల్లు, పని జరిగిందని ఆసుపత్రి తరఫున సంతకం పెట్టిన ధ్రువపత్రం. సంతకం దొరికిందంటే బాధ్యత ఎవరిదో వేరే అడగక్కర్లేదు.

మందుల విషయానికొద్దాం. ‘మందుల వివరాలు ఇవ్వండి’ అని రాస్తే చెడింది పని. ఏ మందు? ఏ నెల? ఒక్క మందు పట్టుకోండి. షుగరు బిళ్ల మెట్‌ఫార్మిన్ అనుకుందాం, లేదా కుక్కకాటు టీకా. ఆసుపత్రి తనకి ఎంత కావాలో ఇండెంట్ పెడుతుంది. జిల్లా మందుల గోదాము నుంచి సరుకు వస్తుంది. వచ్చింది స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది. అక్కడి నుంచి ఫార్మసీ కౌంటరుకి వెళుతుంది. ఈ దారిలో మూడు కాగితాలు అడగాలి: ఆ మూడు నెలల ఇండెంట్లు, గోదాము నుంచి సరుకు అందిన చలాన్లు, స్టాక్ రిజిస్టర్‌లో ఆ మందు తాలూకు పేజీలు.

మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇండెంట్ పెట్టినా సరుకు రాలేదంటే ఇక్కడి డాక్టరుని తిట్టడం పాపం, తప్పు పైన ఉంది. ఇండెంటే పెట్టలేదంటే ఆసుపత్రిదే నిర్లక్ష్యం. రిజిస్టర్‌లో నిల్వ కనబడుతూ, అదే తేదీన మీ చేతికి బయట కొనుక్కోమన్న చీటీ ఉందంటే... ఆ చీటీ ఎక్కడ పారేశారో వెతకండి ముందు. ఓపీ చీటీలు పారేయొద్దని మా వీధిలో అందరికీ చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది.

దరఖాస్తులో వాక్యం ఇలా ఉండాలి: ‘ఫలానా ఆసుపత్రిలో 2025 జులై 1 నుంచి సెప్టెంబరు 30 వరకు మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. బిళ్లలకు సంబంధించి స్టాక్ రిజిస్టర్ పేజీల ధ్రువీకృత నకళ్లు ఇవ్వగలరు.’ ఒక కాగితం, ఒక కాలం, ఒక వాక్యం. ఇలాంటివి నాలుగు మించొద్దు. పదిహేను ప్రశ్నలు రాసేవాళ్లని చూశాను. అందులో తేలికైన మూడింటికి జవాబిచ్చి ‘సమాచారం ఇవ్వడమైనది’ అని ఫైలు మూసేస్తారు.

కాలం మూడు నెలలు చాలు. ‘2010 నుంచి నేటి వరకు’ అన్నారా, పేజీకి 2 రూపాయల చొప్పున మూడు వేల పేజీలకి ఆరు వేలు కట్టమని ఉత్తరం వస్తుంది. వాళ్ల తప్పేం లేదు, అడిగింది మనమే.

డబ్బు లెక్కలకీ ఇదే పద్ధతి. ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ అని ప్రతి ఆసుపత్రికీ ఒకటుంటుంది. చిన్న మరమ్మతులు, అత్యవసర కొనుగోళ్లు దాని చేతిమీదుగా నడుస్తాయి. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ (ఎన్‌ఆర్‌హెచ్‌ఎం) తొలి రోజుల్లో ఒక్కో పీహెచ్‌సీకి ఏడాదికి లక్షా 75 వేలు ఇచ్చే లెక్క ఉండేది: ఈ సొసైటీకి లక్ష, నిర్వహణకి 50 వేలు, ఫలానా పనికే అని కట్టడి లేని ‘అన్‌టైడ్’ నిధి కింద 25 వేలు. తర్వాత మొత్తాలూ పద్ధతులూ మారాయి, కాబట్టి ‘లక్షా 75 వేలు ఏమయ్యాయి?’ అని మొదలుపెట్టకండి. క్యాష్‌బుక్ నకలు, సమావేశాల మినిట్స్, పైకి పంపిన వినియోగ ధ్రువపత్రం, అంటే యూసీ, అడగండి. యూసీలో ఖర్చయిందని రాసిన మొత్తానికి క్యాష్‌బుక్‌లో పద్దు ఉందా అన్నది మీరు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. జనరేటర్ డీజిల్ బిల్లులు అడిగితే, అది ఎంతసేపు నడిచిందో రాసే లాగ్‌బుక్ కూడా అడగడం మరవొద్దు. బిల్లు ఒక్కటే చూస్తే అన్నీ బాగానే ఉంటాయి.

రోగుల పేర్లు అడగకండి. అది వాళ్ల సొంత విషయం, పైగా ఆ ఒక్క వంకతో మొత్తం తిరస్కరిస్తారు. ‘రోగుల పేర్లు, చిరునామాలు తొలగించి ఇవ్వగలరు’ అని మీరే ముందుగా రాయండి. తొలగించి మిగతాది ఇవ్వడానికి సెక్షన్ 10 ఉంది. సిబ్బంది విషయంలోనూ అంతే. ఫలానా డాక్టరు సెలవు చీటీల జోలికి పోకుండా మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని అని చూపే పట్టిక అడగండి.

చివరి ప్రశ్నగా తప్పనిసరిగా ఒకటి రాయండి: ‘పై రికార్డులను స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం తెలపగలరు.’ దీన్ని చాలామంది వదిలేస్తారు. మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి పావుగంటకి 5 రూపాయలు. నకలులో కనబడనివి రిజిస్టరు పట్టుకుంటే కనబడతాయి. మూడు నెలల పద్దులు ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో, ఒక్క కొట్టివేత లేకుండా ఉంటే దాన్ని రోజూ రాయలేదని అర్థం. ఇది నా అనుమానమే అనుకోండి, కానీ రిజిస్టర్లు రాసినవాళ్లని అడిగి చూడండి.

ఇవ్వడం, ఎదురుచూడడం

స్వయంగా వెళ్లి తపాలు సెక్షన్‌లో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వీలుకాకపోతే స్పీడ్‌పోస్టు. 2025లో రిజిస్టర్డ్ పోస్టు అందులోనే కలిసిపోయింది. రసీదు భద్రం. వాట్సాప్‌లో పంపి ‘రెండు టిక్కులు నీలంగా మారాయండీ’ అనేవాళ్లకి నేను చేయగలిగిందేం లేదు.

గడువు 30 రోజులు. ప్రాణానికి సంబంధించినదైతే 48 గంటలు, కానీ ప్రతిదానికీ ఇది వాడితే విలువ పోతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చినా సగమే ఉంటే, మరో 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి. ఆలస్యానికి రోజుకి 250 రూపాయల చొప్పున 25 వేల దాకా అధికారి జేబులోంచి జరిమానా వేసే అధికారం కమిషన్‌కి ఉంది. అప్పీలులో తిట్లు రాయొద్దు. ఏ తేదీన అడిగాను, ఏ తేదీన ఏమిచ్చారు, ఏది ఇవ్వలేదు. మూడు పేరాలు.

జవాబు వచ్చిన కవరు మాత్రం చింపి పారేయకండి. దాని మీద పోస్టాఫీసు తేదీ ముద్ర ఉంటుంది. గడువు దాటాక ఇచ్చిన నకళ్లకి డబ్బు తీసుకోకూడదని సెక్షన్ 7(6). మా పక్కింటావిడ చేత 340 రూపాయలు కట్టించుకున్నారు. ఆవిడ కవరు చూపిస్తే మొదటి అప్పీలులోనే వెనక్కి వచ్చాయి.