వేసవిలో అమెరికా ఎడారి రోడ్ ట్రిప్: ఐదు రోజులు ఎలా ప్లాన్ చేసుకోవాలి?

జూన్ నుంచి ఆగస్టు వరకు అమెరికాలో పిల్లలకు బడి సెలవులు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉండేదీ ఎక్కువగా అప్పుడే. దాంతో చాలా తెలుగు కుటుంబాలకు ఎడారి ప్రయాణం సరిగ్గా వెళ్లకూడని నెలల్లోనే కుదురుతుంది. అయినా మానుకోనక్కర్లేదు, ఎందుకంటే ఎడారి అంతా ఒకేలా మండదు. జులైలో లాస్ వేగస్‌లో పగటి ఎండ సగటున 40 డిగ్రీల సెల్సియస్. గ్రాండ్ కేన్యన్ సౌత్ రిమ్ (లోయ దక్షిణపు అంచు) మీద అదే నెలలో 29, బ్రైస్ కేన్యన్‌లో ఇంకాస్త తక్కువ. తేడా ఎత్తుది. వేగస్ దాదాపు 2,000 అడుగుల ఎత్తులో ఉంటే, సౌత్ రిమ్ 7,000 అడుగుల దగ్గర, బ్రైస్ 8,000 అడుగులు దాటి ఉన్నాయి.

కాబట్టి చూడాల్సిన చోట్ల జాబితా కాసేపు పక్కన పెట్టండి. ముందు తేల్చుకోవాల్సినవి రెండు: మధ్యాహ్నం 11 నుంచి 5 వరకు ఎక్కడుంటాం, రాత్రి ఎంత ఎత్తున పడుకుంటాం. ఈ రెండూ కుదిరితే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

1. దారి ఖాయం చేసుకోండి

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పే దారి ఇది: వేగస్, యూటాలోని జయాన్, బ్రైస్ పార్కులు, అరిజోనాలోని పేజ్ ఊరు, గ్రాండ్ కేన్యన్, మళ్లీ వేగస్. మొత్తం 800 మైళ్ల పైచిలుకు, నాలుగు రాత్రులు. దీనికి మాన్యుమెంట్ వ్యాలీనో ఆర్చెస్ పార్కునో తగిలించాలనిపిస్తుంది. తగిలిస్తే కారు దిగే టైమే ఉండదు.

డెత్ వ్యాలీ మాటేమిటి అంటారా? 1913 జులై 10న అక్కడి ఫర్నెస్ క్రీక్‌లో 56.7 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ దగ్గర ఇప్పటికీ రికార్డు అదే. ఆ థర్మామీటర్ పక్కన ఫొటో కోసమే వేసవిలో వెళ్లేవాళ్లున్నారు. నా మట్టుకు అది చలికాలం పార్కు. వేసవిలో ఉదయం 10 దాటాక లోయలో నడవొద్దని పార్కువాళ్లే చెబుతారు. ఎండ మరీ ముదిరితే సాయానికి హెలికాప్టర్ ఎగరడం కూడా కుదరదు. తప్పదనుకుంటే వేగస్ నుంచి చీకటితోనే బయలుదేరి, 5,000 అడుగుల పైనున్న డాంటెస్ వ్యూ నుంచి కిందకు చూసి వెనక్కి వచ్చేయండి.

2. బుకింగులు, పాసులు

పార్కుల దగ్గరి గదులు వేసవిలో నెలల ముందే నిండుతాయి. స్ప్రింగ్‌డేల్ (జయాన్ పక్క ఊరు), బ్రైస్, పేజ్, టుసాయన్ (గ్రాండ్ కేన్యన్ పక్క ఊరు): ఈ వరసలో తలా ఒక రాత్రి పట్టుకోండి.

పాస్ నిబంధనలు 2026 జనవరి 1 నుంచి మారాయి. అమెరికా నివాసితులకు వార్షిక పాస్ 80 డాలర్లు, మిగతావాళ్లకు 250. పాస్ లేని విదేశీ సందర్శకులు గ్రాండ్ కేన్యన్, జయాన్, బ్రైస్ సహా 11 పార్కుల్లో మామూలు టికెట్ మీద తలకు అదనంగా 100 డాలర్లు కట్టాలి. ఇది 16 ఏళ్లు, ఆ పైబడిన వాళ్లకు. మీరు అమెరికాలోనే ఉంటున్నట్టయితే ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు జేబులో ఉంచుకోండి. అమ్మానాన్నలు వెంట ఉంటే ఎవరి పేరున ఏ పాస్ కొంటే కలిసొస్తుందో నేషనల్ పార్క్ సర్వీస్ సైట్‌లో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

పేజ్‌లోని ఆంటెలోప్ కేన్యన్ అనే ఇరుకు రాతిలోయ ఈ పార్కుల కిందికి రాదు, అది నవాహో తెగ భూమి. నవాహో గైడ్ లేకుండా లోపలికి వెళ్లనివ్వరు కాబట్టి ముందే టూర్ బుక్ చేయాలి. లోయర్ కేన్యన్‌లో నిటారు ఇనుప నిచ్చెనలు దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే అప్పర్ కేన్యన్ చూడండి, అక్కడా మెట్లు ఎన్ని ఉంటాయో ముందే అడగండి.

3. కారు

అద్దె కారుకు పెద్ద ఇంజన్ కన్నా మంచి టైర్లు, మంచి ఏసీ ముఖ్యం. తాళాలు తీసుకునేటప్పుడే స్టెప్నీ ఉందో లేదో డిక్కీ తెరిచి చూడండి. ఈమధ్య చాలా కార్లలో ఉండటం లేదు. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూసుకోవాలి. ఎండలో నడిచి వేడెక్కిన టైర్‌లో గాలి ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేయకూడదు. మట్టిరోడ్ల మీద నడపకూడదని అద్దె ఒప్పందాల్లో మామూలుగా రాసి ఉంటుంది. జీపీఎస్ దగ్గరి దారి అని మట్టిబాట చూపిస్తే వినకండి.

పెట్రోల్ సగానికి రాగానే మళ్లీ నింపడం ఈ దారిలో అలవాటు చేసుకోవాలి. మ్యాపులు హోటల్ వైఫైలోనే ఆఫ్‌లైన్‌కి దింపుకోండి. పేజ్ నుంచి గ్రాండ్ కేన్యన్ వరకు సిగ్నల్ ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో చెప్పలేం. కారు ఆగిపోతే నీడ వెతుక్కుంటూ నడవొద్దు. రోడ్డు మీద కనబడేది కారే, మనిషి కాదు.

4. నీళ్లు, ఉప్పు

"మేం రెంటచింతల ఎండలు చూసినవాళ్లం, ఇదెంత" అనే నాన్నగారు ప్రతి బండిలోనూ ఒకరుంటారు. చిక్కు అక్కడే. మన దగ్గర చెమట చొక్కాకి అంటుకుని, ఒంట్లో నీరు పోతోందని చెబుతుంది. ఇక్కడి పొడిగాలిలో అది తడి తెలియకముందే ఆరిపోతుంది. చెమటే పట్టలేదు కదా అనుకుంటూనే సొమ్మసిల్లిపోతారు.

మనిషికి రోజుకు కనీసం ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్ల నీళ్లు లెక్క వేసుకోండి. వేగస్‌లో దిగగానే వాల్‌మార్ట్‌లో చవకరకం కూలర్, ఐసు, నీళ్ల కేసులు కొనండి. కానీ ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పల్చబడి తల తిరుగుడు, వాంతులు మొదలవుతాయి. గ్రాండ్ కేన్యన్‌లో రేంజర్లు దీని గురించి పదేపదే హెచ్చరిస్తారు. ఖరీదైన పానీయాలేం అక్కర్లేదు. ఓఆర్ఎస్ పొట్లాలు, ఉప్పేసిన నిమ్మరసం, కూలర్లో మజ్జిగ, నడక మధ్యలో ఉప్పు పల్లీలు చాలు.

బీపీకి నీళ్లు తీసేసే మాత్రలు వాడేవాళ్లు బయలుదేరేముందు డాక్టర్‌తో మాట్లాడాలి. ఇన్సులిన్ కూలర్లో ఉండాలి గానీ ఐసుకు తగలకూడదు, కారులో వదిలేయకూడదు. పిల్లల్నయితే ఒక్క నిమిషమైనా కారులో వదలొద్దు.

తిండికి టెన్షన్ అక్కర్లేదు. మొదటి రోజుకు పులిహోర, తరవాతికి చపాతీలు, పొడులు, హోటల్ గదిలో మైక్రోవేవ్. పెరుగన్నం మాత్రం కూలర్ దాటి బయట పెట్టకండి.

5. రోజువారీ పథకం

మొదటి రోజు వేగస్‌లో సరుకులు కొనుక్కుని మధ్యాహ్నమే బయలుదేరండి. ఆ వేళ ఉండాల్సింది ఏసీ కారులోనే. ఐ-15 హైవే మీద వర్జిన్ నది కొండచీలిక దాటి స్ప్రింగ్‌డేల్‌కు సుమారు 160 మైళ్లు. గడియారం ఒక గంట ముందుకు తిప్పుకోవాలి, యూటా టైం వేరు.

రెండో రోజు తెల్లవారకముందే లేవాలి. వేసవిలో జయాన్ లోయ రోడ్డు మీదికి సొంత కార్లు రానివ్వరు, ఉచిత షటిల్ ఎక్కాలి. మొదటి బస్సుల్లో వెళితే రివర్‌సైడ్ వాక్ అనే నది ఒడ్డు నడకదారి అంతా నీడలోనే. 11కల్లా బయటపడి, 1930లో తెరిచిన కొండ సొరంగం గుండా బ్రైస్‌కు దారి తీయండి, రెండు గంటల ప్రయాణం. సాయంత్రానికి అక్కడ పిల్లలు స్వెటర్లు అడుగుతారు. అమావాస్యకు దగ్గరి తేదీ పెట్టుకున్నారా, పాలపుంత కంటికే కనబడుతుంది. ఎత్తు వల్ల పెద్దవాళ్లకు ఆయాసం రావచ్చు, మెల్లగా నడిపించండి.

మూడో రోజు బ్రైస్‌లో సూర్యోదయం చూసి, చల్లగా ఉండగానే లోయలోకి దిగి ఎక్కేయండి. తరవాత కనాబ్ మీదుగా పేజ్‌కు దాదాపు 150 మైళ్లు. అరిజోనా వేసవిలో గడియారం మార్చదు, కాబట్టి గంట వెనక్కి. తిరకాసేమిటంటే చుట్టుపక్కల నవాహో భూముల్లో మారుస్తారు. ఫోన్ ఏ టవర్ దొరికితే ఆ టైం చూపిస్తుంది. టూర్ టైం ఏ లెక్కలో ఇచ్చారో ఫోన్ చేసి కనుక్కోండి. కొలరాడో నది గుర్రపు నాడాలా వంపు తిరిగే హార్స్‌షూ బెండ్ సాయంత్రానికి ఉంచుకోండి. పోనూ రానూ మైలున్నర, ఒక్క చెట్టు నీడ లేదు.

నాలుగో రోజు పొద్దున్నే బయలుదేరి కామెరాన్ మీదుగా డెజర్ట్ వ్యూ గేటు గుండా గ్రాండ్ కేన్యన్‌లోకి వెళ్లండి. దారిలో నవాహోల దగ్గర వేడి ఫ్రై బ్రెడ్ తినొచ్చు. వాళ్ల భూముల్లో మద్యం దగ్గర ఉంచుకోవడం నిషేధం. రాత్రి డ్రైవింగ్ కూడా వద్దు, గుర్రాలు, పశువులు రోడ్డెక్కుతాయి. సౌత్ రిమ్ చల్లగా ఉందని లోయలోకి చాలా దూరం దిగిపోకండి. దిగేకొద్దీ వేడి పెరుగుతుంది, అడుగున 40 దాటుతుంది. ఎక్కి రావాల్సింది కూడా ఆ ఎండలోనే.

6. వానను లెక్కలోకి తీసుకోండి

ఎడారిలో వానేమిటి అనుకోకండి. ఇక్కడా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 వరకు మాన్సూన్ లెక్క. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం పూట ఉరుములు మామూలే. 1997 ఆగస్టు 12న ఎక్కడో మైళ్ల దూరంలో పడ్డ వాన లోయర్ ఆంటెలోప్‌లోకి వరదై దూకింది. 11 మంది పర్యాటకులు చనిపోయారు. నెత్తిన నీలాకాశం ఉంటే సరిపోదన్నమాట. ఇరుకు కేన్యన్లలోకీ, జయాన్‌లో నది పారే నారోస్ అనే ఇరుకు లోయలోకీ దిగేముందు ఆ రోజు ఫ్లాష్ ఫ్లడ్ అంచనా చూడాలి. టూర్ రద్దు చేస్తే వాదించకండి. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే ఆగండి, తరచూ గంటా రెండు గంటల్లో తగ్గిపోతాయి. రిమ్ మీద ఉరుము వినబడితే రెయిలింగ్ వదిలి కారులోకి వెళ్లండి.

ఇక చివరిదైన ఐదో రోజు. గ్రాండ్ కేన్యన్‌లో సూర్యోదయం జూన్‌లోనైతే 5 గంటల పది నిమిషాల ప్రాంతంలో అవుతుంది. అది చూసుకుని విలియమ్స్, కింగ్‌మన్ మీదుగా వేగస్‌కు నాలుగున్నర గంటలు. హూవర్ డ్యామ్ దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది, ఎండ కూడా మళ్లీ 40 దగ్గర. అక్కడ ఆగాలనుకుంటే కారు డ్యాష్‌బోర్డు చూసి తేల్చుకోండి: ఫారెన్‌హీట్‌లో 104 అంటే మన 40, 113 అంటే 45. తిరుగు ఫ్లైట్ మాత్రం సాయంత్రం 7 తరవాతదే తీసుకోండి, కారు అప్పగించే చోట కూడా లైన్ ఉంటుంది.