చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయా? మందు వేసే ముందు థర్మామీటర్ చూడండి

అక్వేరియంలో చేప తేడాగా కనబడగానే చాలామంది మందు సీసా కోసం వెతుకుతారు. ముందు చూడాల్సింది నీటి వేడి. నీళ్లెంత వేడిగా ఉంటే చేప ఒళ్లూ అంతే వేడిగా ఉంటుంది. అద్దం బయట అతికించే స్ట్రిప్ మీద గది వేడి ప్రభావం కూడా పడుతుంది కాబట్టి నీళ్లలో ముంచే థర్మామీటర్ వాడండి. దాన్ని హీటర్‌కు దూరంగా, రెండో చివర పెట్టండి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి రీడింగు తీసుకుంటే రోజులో ఎంత ఊగిసలాట ఉందో తెలుస్తుంది.

సమస్య: చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయి, మొప్పలు గబగబా ఆడుతున్నాయి

కారణం: నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల వరకు కరుగుతుంది, 30 డిగ్రీలకు అది 7.5కి పడిపోతుంది. పోనీ చేప అవసరం తగ్గుతుందా అంటే, ఆ 10 డిగ్రీల పెరుగుదలకు సుమారు రెట్టింపవుతుంది. అడుగున కుళ్లే మేత కూడా ఆక్సిజన్‌ను లాగేస్తుంది. లైటు ఆరిపోయాక మొక్కలు కూడా ఆక్సిజనే పీలుస్తాయి, అందుకే మొక్కలు ఎక్కువగా ఉన్న ట్యాంకులో ప్రమాదం తెల్లవారుజామున ముదురుతుంది.

పరిష్కారం: ముందు ఎయిర్ పంపు ఆన్ చేయండి. ఫిల్టర్ నుంచి వచ్చే నీరు పైభాగాన్ని బాగా కదిలించేలా గొట్టాన్ని ఎత్తండి. మూత తీసి, నీటి మీదుగా ఫ్యాన్ గాలి తగిలేలా పెడితే 2-3 డిగ్రీలు తగ్గుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే అంత తగ్గదు. ఆవిరైన నీళ్లను రోజూ నింపండి, ఆ పూట మేత ఆపేయండి. ఐసు ముక్కలు మాత్రం నేరుగా వేయొద్దు. తప్పనిసరైతే గడ్డకట్టించిన నీళ్ల సీసా తేలనివ్వండి, గంటకు 1 డిగ్రీకి మించి దిగకుండా కాచుకుని ఉండండి.

ఇంత చేసినా తగ్గకపోతే, చేపల విసర్జన నుంచి నీళ్లలో చేరే అమ్మోనియా ఎంతుందో పరీక్ష చేయండి. మొత్తం అమ్మోనియా మారకపోయినా, వేడికి దాంట్లో విషంగా పనిచేసే వాటా పెరుగుతుంది. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 దగ్గర ఆ వాటా 20 డిగ్రీలకు 4 శాతం, 30 డిగ్రీలకు 7 శాతం పైచిలుకు. క్లోరిన్ తీసేసిన, అదే వేడి ఉన్న నీటితో 25-30 శాతం మార్చండి.

సమస్య: నీళ్లు మార్చాక చేపల రెక్కల మీద, అద్దం మీద సన్నటి బుడగలు

కారణం: చల్లటి నీళ్లలో వాయువులు ఎక్కువగా కరిగి ఉంటాయి. ట్యాంకులో వేడెక్కగానే అవి బుడగలుగా బయటికొస్తాయి. అద్దం మీద ఉన్నంతవరకు పర్వాలేదు, చేప రక్తంలో ఏర్పడితే ప్రాణం పోతుంది.

పరిష్కారం: నీళ్లు ముందుగా బకెట్‌లో పట్టి, ఎయిర్ స్టోన్ (పంపు గాలిని సన్నటి బుడగలుగా వదిలే రాయి) వేసి కొన్ని గంటలు ఉంచండి. ట్యాంకుతో తేడా 1 డిగ్రీ లోపు ఉన్నప్పుడే నెమ్మదిగా పోయండి.

సమస్య: ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్లమచ్చలు

కారణం: ఇక్ అనే పరాన్నజీవి. వేడి హఠాత్తుగా పడిపోతే చేప నీరసించి దీనికి లొంగిపోతుంది. దాని జీవితచక్రం 25 డిగ్రీల దగ్గర వారం లోపే పూర్తవుతుంది, 10 డిగ్రీల దగ్గర నెల దాటుతుంది. మందు పనిచేసేది అది నీళ్లలో విడిగా ఈదే దశలోనే. అందుకే చల్లటి నీళ్లలో మందు తొందరగా ఆపేస్తే జబ్బు మళ్లీ వస్తుంది.

పరిష్కారం: వేడినీటి జాతులైతే రోజుకు 1-2 డిగ్రీల చొప్పున 28 వరకు పెంచండి, ఎయిర్ పంపు ఆపొద్దు. మచ్చలు పోయాక కూడా ఇంకొన్ని రోజులు మందు కొనసాగించండి.

సమస్య: అడుగున కదలకుండా ఉంటాయి, మేత ముట్టవు

కారణం చలి: అరుగుదల మందగిస్తుంది. హీటర్‌కు లీటరుకు సుమారు 1 వాట్ లెక్క వేసుకోండి. 200 లీటర్ల ట్యాంకుకు ఒక పెద్ద హీటర్ కంటే 100 వాట్లవి రెండు మేలు, ఒకటి ఆన్‌లోనే ఇరుక్కుపోయినా నీళ్లు అంతగా కాగవు. నీళ్లు తీసే ముందు స్విచ్ కట్టేసి పావుగంట ఆగండి. వేడి మీదున్న హీటర్ నీటి పైకి తేలితే గాజు పగులుతుంది.

సమస్య: ఒక జాతి బాగుంది, ఇంకోటి ఎప్పుడూ నీరసమే

గోల్డ్‌ఫిష్‌కు 18-22 డిగ్రీలు కావాలి, డిస్కస్‌కు 28-30. ఈ రెండింటికీ సరిపడే సెట్టింగు ఏ హీటర్‌లోనూ ఉండదు. వేరే ట్యాంకు పెట్టాల్సిందే.