ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్: కొత్తవారు తడబడకుండా, పాతవారి చేయి ఆగకుండా

కర్నూలు, కడప, అనంతపురం వంటి ఊళ్లలో ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసు సాధారణంగా చిన్నది. రెండు మూడు కంప్యూటర్లు, ప్లాన్లు గీసే ప్రోగ్రామ్ ఆటోక్యాడ్ మీద ఏళ్ల తరబడి చేయి తిరిగిన ఒక డ్రాఫ్ట్స్‌మన్, డిప్లొమా ముగించి నిన్నగాక మొన్న చేరిన ఒక అమ్మాయో అబ్బాయో ఉంటారు. ఇద్దరూ ఒకే ఫైలు మీద పనిచేయాలి. ఒకరికి సులువైనది ఇంకొకరికి అడ్డం. సౌకర్యాలు ఎక్కువైపోయాయని కొందరు, తెర మరీ బోసిపోయిందని కొందరు అంటారు. నా మాట ఒకటే: ఏ సౌకర్యాన్నీ తీసేయనక్కర్లేదు, ఏది ఎవరి ముందు ఎప్పుడు ఉండాలో అమర్చుకోవాలి. కింది చిక్కుల్లో చాలావరకు ఆ అమరిక లేక వచ్చినవే. కొన్ని మాత్రం దాచకూడనిదాన్ని దాచినందుకు వచ్చినవి.

సమస్య: కొత్తవారు ప్రోగ్రామ్ తెరిచి, ఒక్క గీతా గీయకుండా కూర్చుంటారు

కారణం: తెర మీద వందలాది బటన్లు ఉంటాయి. మొదటి వారంలో కావలసినవి పది పన్నెండే, కానీ అవి ఏవో ఎవరూ చెప్పలేదు.

పరిష్కారం: ఆటోక్యాడ్‌లో వారి కోసం వేరే వర్క్‌స్పేస్, అంటే తెర మీది బటన్ల అమరిక, తయారు చేయండి. లైన్, ఆఫ్‌సెట్, ట్రిమ్, ఫిల్లెట్, కాపీ, మూవ్, డైమెన్షన్, లేయర్ల (గీతలను రకాలవారీగా విడదీసే పొరల) జాబితా ఉంచి, మిగతా ట్యాబులు మూసి, ఒక పేరుతో సేవ్ చేయండి. ఆదేశాలు టైప్ చేసే కమాండ్ లైన్‌ను మాత్రం మూయవద్దు. తెర శుభ్రంగా కనిపిస్తుందని చాలామంది ముందుగా దాన్నే తీసేస్తారు. నిజానికి తర్వాత ఏం చేయాలో అడిగేది ఆ ఒక్క వరుసే, కొత్తవారికి పక్కన కూర్చున్న గురువు అదే. పోయి ఉంటే కంట్రోల్, 9 కలిపి నొక్కితే తిరిగి వస్తుంది. త్రీడీ నమూనాలు చేసే స్కెచప్‌లో ఈ పని ఇంకా సులువు, గెట్టింగ్ స్టార్టెడ్ అనే చిన్న టూల్‌బార్ దానిలోనే ఉంది.

టూల్ ప్యాలెట్‌లో మన ఇళ్లకు పనికొచ్చే బ్లాకులు, అంటే మళ్లీ మళ్లీ వాడే సిద్ధమైన బొమ్మలు, ముందుండాలి. తొమ్మిది అంగుళాల గోడ, నాలుగున్నర అంగుళాల గోడ, సజ్జ, పిట్టగోడ, కడప బండల అరలు, బేతంచెర్ల బండల గచ్చుకు హ్యాచ్ (లోపల నింపే గీతల నమూనా). ఎక్కడో విదేశపు వంటగది బొమ్మలు ముందు కనిపిస్తే నేర్చుకునేవారికి ఈ పని తమది కాదనిపిస్తుంది.

సమస్య: కొత్త వెర్షన్ వేయగానే సీనియర్ వేగం సగానికి పడిపోయింది

కారణం: ఆయన వేగం తెరలో లేదు, చేతిలో ఉంది. పైన ట్యాబులుగా బటన్లు ఉండే పట్టీ, రిబ్బన్, ఆటోక్యాడ్ 2009 వెర్షన్‌తో వచ్చింది. పాత అలవాటు వారు ఆధారపడిన క్లాసిక్ వర్క్‌స్పేస్ 2015 వెర్షన్‌లో తీసేశారు. 2021 నుంచి ట్రిమ్ తీరు కూడా మారింది. కత్తిరించే అంచును ముందు ఎంచుకోమని అడగకుండా, తాకిన ముక్కను అప్పటికప్పుడే తీసేస్తుంది. కొత్తవారికి ఇది వరం. ఏళ్ల తరబడి ముందు అంచు, తర్వాత ముక్క అని నొక్కిన వేళ్లకు మాత్రం ప్రతిసారీ పొరపాటే.

పరిష్కారం: ఆయనను మార్చే ముందు అమరికను మార్చండి. మెనూబార్ అనే వేరియబుల్‌కు (కమాండ్ లైన్‌లో పేరు టైప్ చేసి మార్చే సెట్టింగ్‌కు) 1 ఇస్తే పాత మెనూలు వస్తాయి, రిబ్బన్‌క్లోజ్ అంటే రిబ్బన్ మూసుకుంటుంది. ట్రిమ్‌ఎక్స్‌టెండ్‌మోడ్‌కు 0 ఇస్తే ట్రిమ్ పాత పద్ధతికి వస్తుంది. ఆయన సొంతంగా పెట్టుకున్న పొట్టి కమాండ్ల పీజీపీ ఫైలును పాత వెర్షన్ నుంచి తప్పకుండా తెచ్చి పెట్టండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఒకే కంప్యూటర్‌ను ఇద్దరు వాడుతుంటే విండోస్‌లో ఇద్దరికీ వేర్వేరు లాగిన్లు పెట్టండి. అప్పుడు ఎవరి అమరిక వారికే ఉంటుంది.

ఇక్కడ ఒక పాత పాఠం గుర్తుచేయాలి. ఆఫీస్ 2000లో మైక్రోసాఫ్ట్ మెనూలు, వాడని అంశాలను వాటంతట అవే దాచేవి. అందువల్ల నిన్న ఉన్నది ఈరోజు అదే చోట ఉండేది కాదు. సరిగ్గా దీనికి వ్యతిరేకమైన దారి 1984లో ఐబీఎంలో జాన్ కారోల్, కరోలిన్ క్యారిథర్స్ చూపించారు. నేర్చుకునేవారి వర్డ్ ప్రాసెసర్‌లో చిక్కు తెచ్చే అంశాలను మెనూలోనే ఉంచి, ఎంచుకుంటే ఇది ఇప్పుడు పనిచేయదని చెప్పేలా చేశారు. నేర్చుకునేవారు పని త్వరగా ముగించారు. అంశం చోటు మారకపోవడం నాకు ఇందులో విలువైన సంగతి. మీ ఆఫీసుకు లిస్ప్ రొటీన్లు (ఆటోక్యాడ్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాములు), సొంత మెనూలు రాసేవారు ఉంటే దీన్ని మనసులో పెట్టుకోవాలి: ఆపవచ్చు, కానీ చోటు మార్చకూడదు.

సమస్య: ఒకరి ప్లానులోకి ఇంకొకరి బ్లాకు తెస్తే అది పన్నెండింతలు పెద్దదిగానో చిన్నదిగానో వస్తుంది

కారణం: ఒకరు ఒక యూనిట్‌ను అడుగుగా గీశారు, ఇంకొకరు అంగుళంగా. మన దగ్గర రెండు అలవాట్లూ ఉన్నాయి. తెరను సులువు చేసే ఉత్సాహంలో యూనిట్ల సెట్టింగ్‌ను దాచడం ఇందుకు దోహదం చేస్తుంది. దాచకూడని వాటిలో ఇది మొదటిది.

పరిష్కారం: ముందుగా తొమ్మిది అంగుళాల గోడ మందాన్ని డిస్ట్ కమాండ్‌తో కొలవండి. 0.75 వస్తే అది అడుగుల డ్రాయింగ్, 9 వస్తే అంగుళాలది, 230 చుట్టుపక్కల వస్తే మిల్లీమీటర్లది. అడుగుల డ్రాయింగ్‌ను అంగుళాలకు మార్చాలంటే స్కేల్‌లో 12 ఇవ్వండి. తర్వాత స్థలం విస్తీర్ణం సరిచూడండి. ఒక సెంటు అంటే 435.6 చదరపు అడుగులు, కాబట్టి మూడు సెంట్ల స్థలానికి దాదాపు 1,307 చదరపు అడుగులు రావాలి. ఆ సంఖ్య రానంతవరకు తర్వాతి పనికి పోవద్దు.

మళ్లీ రాకుండా ఉండాలంటే ఆఫీసుకంతటికీ ఒకే టెంప్లేట్ పెట్టండి. అందులో యూనిట్లు, డైమెన్షన్ శైలి, లేయర్లు ముందే సిద్ధంగా ఉండాలి. అనుమతి కోసం ఆన్‌లైన్‌లో పంపే డ్రాయింగులో ఏ గీత ఏ లేయర్‌లో ఉందన్నది కీలకం. అంతా సున్నా లేయర్‌లో గీసిన ఫైలును ఆఖరి రోజున సర్దడం కంటే ముందే టెంప్లేట్ చేతికివ్వడం నయం. ఆప్షన్స్‌లో క్యూన్యూ టెంప్లేట్‌గా దాన్నే చూపిస్తే కొత్త ఫైలు ప్రతిదీ దానితోనే తెరుచుకుంటుంది. అనుభవజ్ఞుల పరిజ్ఞానం కొత్తవారి చేతికి ఇంత నిశ్శబ్దంగా అందించే మార్గం నాకు ఇంకొకటి తెలియదు.

సమస్య: భవన నమూనాలు చేసే రెవిట్‌లో గీసినది మాయమైంది, కొత్తవారు దాని మీదే మళ్లీ గీశారు

కారణం: కనిపించకపోవడం, లేకపోవడం ఒకటి కాదు. అనుభవజ్ఞులు పెట్టిన వ్యూ టెంప్లేటో (ఏవి కనిపించాలో ముందే నిర్ణయించే అమరిక), ఎవరో తాత్కాలికంగా దాచిన సంగతో తెర మీద పనిచేస్తూ ఉంటుంది. దాని ఆనవాలు కొత్తవారి కంటికి ఆనదు. ఫలితంగా ఒకే చోట రెండు గోడలు, లెక్కలో రెట్టింపు ఇటుక.

పరిష్కారం: ఈ వరుసలోనే చూడండి. వ్యూ చుట్టూ లేత నీలి చట్రం ఉంటే తాత్కాలికంగా దాచారని అర్థం, హెచ్, ఆర్ నొక్కితే అన్నీ బయటికి వస్తాయి. లేకపోతే కింద ఉన్న బల్బు గుర్తు నొక్కండి. దాచినవి వేరే రంగులో మెరుస్తాయి. అప్పటికీ కనిపించకపోతే ప్రాపర్టీస్‌లో వ్యూ టెంప్లేట్ ఉందేమో, వి, జి నొక్కి ఆ వర్గానికి టిక్కు ఉందేమో చూడండి. టెంప్లేట్ పెట్టి ఉంటే ఆ టిక్కులు మారవు, సాఫ్ట్‌వేర్ చెడిపోయిందని అనుకునేది ఇక్కడే. చివరిగా వ్యూ రేంజ్, అంటే ప్లాను ఏ ఎత్తున కోసి చూపిస్తుందన్నది. ప్లాను అడ్డకోత మామూలుగా నాలుగు అడుగుల ఎత్తున ఉంటుంది కనుక, పైకి పెట్టిన వెంటిలేటర్ కనిపించకపోతే ఆ భాగానికి మాత్రం ప్లాన్ రీజియన్ గీసి కోత ఎత్తు పెంచండి.

సమస్య: స్కెచప్‌లో ఒక గోడ లాగితే పక్క గోడ కూడా సాగింది

కారణం: తాకిన గీతలు అతుక్కుంటాయి. మొదటి గంటలో స్కెచప్ ఇంత సులువుగా అనిపించేది ఈ గుణం వల్లే, తర్వాత ఇబ్బంది పెట్టేదీ ఇదే.

పరిష్కారం: గోడ లేవగానే మూడుసార్లు క్లిక్ చేసి గ్రూప్ చేయండి, అప్పుడు అది పక్కవాటికి అతుక్కోదు. ఒకే కిటికీ పదిచోట్ల వస్తే కాంపొనెంట్ చేయండి, ఒకటి మారిస్తే అన్నీ మారతాయి. గ్రూప్‌ను మొదటి రోజే నేర్పాలి, ముందు ముందు చూద్దామని వాయిదా వేయకూడదు.

సమస్య: ఆటోక్యాడ్‌లో ఓపెన్ నొక్కితే ఫైళ్ల కిటికీ రాదు, పేరు టైప్ చేయమంటుంది

ఫైల్‌డయా అనే వేరియబుల్ 0 అయి ఉంటుంది. ఎక్కువగా మధ్యలో ఆగిపోయిన లిస్ప్ రొటీన్ దాన్ని అలా వదిలేస్తుంది. 1 ఇవ్వండి, సరిపోతుంది.

సమస్య: నెలలు గడిచినా కొత్తవారు అదే చిన్న తెరలో ఉండిపోయారు

కారణం: సులువైన తెరకు, పూర్తి తెరకు మధ్య దారి ఎవరూ వేయలేదు.

పరిష్కారం: ఎవరెవరు ఏ పనిని పదే పదే చేతితో చేస్తున్నారో గమనించండి. మెట్లను ఒక్కొక్కటిగా కాపీ చేస్తుంటే వరుసగా కాపీలు ఒకేసారి వేసే అర్రే చూపించే సమయం వచ్చింది. తలుపుల కొలతలు ప్లాను ప్లానుకూ తిరిగి టైప్ చేస్తుంటే కొలతలు మార్చుకోగల డైనమిక్ బ్లాకు చూపించండి. పని చేతిలో ఉండగానే, ఆ బటన్ ఒక్కదాన్ని వారి వర్క్‌స్పేస్‌లో చేర్చండి, సీనియర్ తెరలో అది ఏ మూలన ఉందో అదే మూలన.