కప్పలుండే కుంటకు వెళ్లొచ్చాక బూట్లు కడగడం ఎలా?

బూట్లు కడగడం ఎవరికి రాదు అనుకుంటున్నారా? సరిగ్గా మీలాంటివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. కప్పల్ని లెక్కపెట్టడానికో, ఫొటోలు తీయడానికో నాతో వచ్చినవాళ్లలో ఎక్కువమంది చేసేది ఒకటే. బురద బూట్ల మీదే ఏదో మందు రెండుసార్లు పిచికారీ కొట్టి, కారెక్కి, తర్వాతి కుంటకు బయల్దేరతారు. ఆ పిచికారీతో వాళ్ల మనసు కుదుటపడుతుంది. బూట్లకంటిన బురదలో ఉండే, కప్పల్ని చంపే ఫంగస్‌కు మాత్రం ఏమీ కాదు.

విషయం తెలియనివాళ్లకు కాస్త చెబుతాను. కప్పల్ని చంపుతున్న ఈ ఫంగస్‌ను కైట్రిడ్ అంటారు. పూర్తి పేరు బట్రకోకైట్రియమ్ డెండ్రోబాటిడిస్. అంత పొడుగు పేరు పలకలేక పరిశోధకులు 'బీడీ' అంటారు, నవ్వుకోకండి. ఆస్ట్రేలియాలో, పనామాలో చచ్చి పడుతున్న కప్పల చర్మంలో ఇది ఉందని 1998లో ప్రకటించారు, మరుసటి ఏడాది పేరు పెట్టారు. కప్ప నీళ్లు తాగేదీ, ఒంట్లో లవణాలు సరిచూసుకునేదీ చర్మంతోనే. ఫంగస్ ఆ పని చెడగొడితే రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి గుండె ఆగిపోతుంది. 2019లో వెలువడిన ఒక లెక్క ప్రకారం దీనివల్ల కనీసం 501 ఉభయచర జాతులు తగ్గిపోయాయి, వాటిలో 90 జాతులు ఇక మిగిలి లేవనే అనుకుంటున్నారు.

దీని జూస్పోర్‌కు, అంటే ఫంగస్ వ్యాపించడానికి వదిలే కంటికి కనిపించని బీజానికి, చిన్న తోక ఉంటుంది, నీళ్లలో ఈదుతుంది. ఎంత దూరం? సాధారణంగా రెండు సెంటీమీటర్లు కూడా దాటదు. ఖండాలు దాటించింది మనుషులే, కప్పల్ని పెంపకానికి, ప్రయోగాలకు, తినడానికి అటూ ఇటూ మోసుకెళ్లి. ఇక కుంట నుంచి కుంటకు చేర్చడానికి మన కాళ్లు చాలు. ల్యాబ్ పరీక్షల్లో ఇది నీళ్లలో 7 వారాలు, తడి ఇసుకలో 12 వారాల దాకా బతికింది. అంటే మీ బూటు గాడిలో ఇరుక్కున్న తడి మట్టి ముద్ద దానికి చిన్నపాటి కుంట.

మంచి చేయబోయినవాళ్లూ తప్పించుకోలేదు. స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో అరుదైన కప్పల్ని కాపాడదామని పెంచి అడవిలో వదిలితే, వాటితోపాటే ఫంగస్ కూడా వెళ్లింది. తర్వాత దాన్ని వదిలించడానికి తోకకప్పల్ని పట్టి మందులో ముంచాల్సి వచ్చింది, కుంటలు ఎండగట్టి రాళ్లకు క్రిమిసంహారిణి కొట్టాల్సి వచ్చింది. అదంతా చేయడం కంటే బూట్లు కడగడం తేలిక కదా.

కావాల్సినవి

గట్టి కుచ్చుల బ్రష్, గాడులు గీకడానికి పాత స్క్రూడ్రైవర్, రెండు బకెట్లు, కుళాయి నీళ్లు, లిక్విడ్ బ్లీచ్, చేతులకు రబ్బరు గ్లవ్స్, టైమర్. అంతే. బూట్లు రబ్బరువే అయ్యుండాలి, వేరే మాట లేదు. తోలు బూట్లు, లేసుల బూట్లు, అడుగున ఫెల్ట్ (ఒత్తి చేసిన మందపాటి గుడ్డ) ఉన్నవి వేసుకొచ్చేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే. ఫెల్ట్ స్పాంజిలా నీళ్లు పీల్చుకుంటుంది, రోజుల తరబడి ఆరదు.

వెళ్లే ముందు

రోగం లేదనుకునే కుంటకు ముందు వెళ్లండి, అనుమానం ఉన్నదానికి చివర్లో. వాగైతే ఎగువ నుంచి దిగువకు రండి. వీలైతే కుంటకో జత బూట్లు పెట్టుకోండి. కుక్కను ఇంట్లో వదిలేయండి, దాని కాళ్లు మీరు తోమరు.

బురద వదిలించడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను.

ఏ మందైనా తాకిన చోటే పనిచేస్తుంది. బురద పొర కింద ఉన్నదాన్ని బ్లీచ్ తాకదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. మట్టిలోని ఆకుల ముక్కలు, నాచు, కుళ్లిన చెత్త బ్లీచ్‌ను ఖర్చు చేసేస్తాయి. మీరు బ్లీచ్ పోశాననుకుంటారు, అది కాస్తా ఎండుటాకులతో పోరాడి అక్కడే అయిపోతుంది. బురద బూటు ముంచిన బకెట్లో మిగిలేది బ్లీచ్ వాసన వేసే మట్టినీళ్లు.

కాబట్టి మందు సంగతి పూర్తిగా మరిచిపోయి ముందు తోమండి. కుంట వదలకముందే, తడి ఆరకముందే మొదలుపెట్టాలి. గట్టు మీదే పెద్ద ముద్దలు గీకేయండి, ఆ కుంట మట్టి ఆ కుంట దగ్గరే ఉండిపోతుంది. తర్వాత బూటు తిరగేసి సోల్‌లోని ఒక్కో గాడిని స్క్రూడ్రైవర్‌తో గీకండి. మడమ దగ్గర, సోల్ పక్క గోడకు అతుక్కునే అంచు దగ్గర సన్నని గీతలా మట్టి మిగులుతుంది, ఎక్కువమంది దాన్ని చూడనే చూడరు. పైన బక్కిల్ ఉంటే దాని వెనక కూడా. ఇది చేశాక తెచ్చుకున్న కుళాయి నీళ్లతో బ్రష్ పెట్టి తోమండి. కుంట నీళ్లతో కడిగేవాళ్లను చూశాను. ఏ నీళ్లలో రోగం ఉందని భయపడుతున్నారో ఆ నీళ్లతోనే కడగడం ఏం తెలివో నాకు అర్థం కాదు.

అయిపోయిందో లేదో తెలుసుకోవడానికి నా పద్ధతి ఒకటే. సోల్‌ను తెల్ల గుడ్డతో గట్టిగా తుడవండి. గుడ్డ మీద గోధుమరంగు మరక పడితే మళ్లీ తోమండి. మూడుసార్లు పట్టినా సరే. నాకు ఒక జతకు పది నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాల్లో అయిపోయిందని ఎవరైనా అంటే నేను నమ్మను.

వలలు ఇంకా మొండివి. అల్లికలో నాచు పోగులు చుట్టుకుని ఉంటాయి, చేత్తో ఏరాల్సిందే. కెమెరా ట్రైపాడ్ కాళ్లు బయటికి లాగి లోపలి గొట్టాలు కూడా తుడవండి.

మందు

తోమింది సరిగ్గా ఉంటే ఇక అంతా తేలికే. బ్లీచ్ సీసా మీద 5 శాతం అని ఉంటే ఒక పాలు బ్లీచ్‌కు నాలుగు పాళ్ల నీళ్లు కలపండి, 1 శాతం వస్తుంది. పరీక్షల్లో కైట్రిడ్‌కు ఈ బలం ఒక నిమిషం చాలింది. నేను మాత్రం ఐదు నిమిషాలు ఉంచుతాను, మీరూ అలాగే ఉంచండి. కలిపిన నీళ్లు మర్నాటికి దాచకండి, బలం పోతుంది. ఆమ్లంతో గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో గానీ కలిపితే విషవాయువు వస్తుంది, జాగ్రత్త.

సాలమాండర్లు (బల్లిలా కనిపించే ఉభయచరాలు) ఉన్న చోట్ల 1 శాతం సరిపోదు. వాటిని చంపే ఇంకో కైట్రిడ్ ఉంది, 2013లో నెదర్లాండ్స్‌లో బయటపడింది. దాని స్పోర్లలో ఒక రకం గట్టి పెంకుతో నీళ్ల మీద తేలుతూ మొండికేస్తుంది. అక్కడ 4 శాతం బ్లీచ్‌ను ఐదు నిమిషాలు ఉంచాలి, అంటే సీసాలోది దాదాపు నీళ్లు కలపకుండానే.

ఆల్కహాల్ పనిచేయదా? పనిచేస్తుంది, 70 శాతం ఉంటే చాలా వేగంగా. కానీ బూటు మీద నిలవకుండా ఆవిరైపోతుంది, పైగా మండుతుంది. చిన్న పరికరాలకు వాడుకోండి, బూట్లకు బ్లీచే.

మందు పని అయ్యాక మంచి నీళ్లతో కడిగేయాలి, లేకపోతే ఆ బ్లీచే తర్వాతి కుంటలోకి వెళ్తుంది. కడిగిన నీళ్లు కుంటకు, కాలవకు దూరంగా పొడి నేల మీదే పారబోయండి. ఫంగస్ నుంచి కాపాడబోయి తోకకప్పల్ని బ్లీచ్‌తో చంపడం కూడా నేను కళ్లారా చూశాను.

ఆరబెట్టడం

ఎండలో పెడితే సూర్యకిరణాలే చంపేస్తాయని చాలామంది నమ్మకం. పరీక్షల్లో అతినీలలోహిత కాంతి ఈ ఫంగస్‌ను చంపలేదు. చంపేది పొడితనం. పూర్తిగా ఎండిపోతే మూడు గంటల్లో కైట్రిడ్ చచ్చిపోతుంది. 'పూర్తిగా' అనే మాట దగ్గరే జనం మోసపోతారు. బూటు పైన పొడిగా కనిపిస్తుంది, లోపలి గుడ్డ అస్తరు చెమ్మగానే ఉంటుంది. అందుకే తలకిందులుగా పెట్టి రెండు రోజులు వదిలేయండి. ఆరబెట్టాం కదా అని మందు మానేయొద్దు, కప్పల్ని చంపే రానావైరస్ ఇలా ఎండబెట్టినంత మాత్రాన చావదు.

సాక్సులు, గుడ్డ సంచులు 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకండి. ఆ వేడికి కైట్రిడ్ ఐదు నిమిషాల్లో పోతుంది.

కప్పల్ని చేత్తో పట్టుకునేవాళ్లకు రెండు మాటలు. ఒక్కో కప్పకు కొత్త గ్లవ్స్, కొత్త సంచి. తోకకప్పల జోలికి లాటెక్స్ గ్లవ్స్‌తో వెళ్లకండి, కొన్ని జాతులకు అవి ప్రాణాంతకమని తేలింది. పౌడర్ లేని వినైల్ గ్లవ్స్‌ను నీళ్లలో తడిపి వాడండి. చచ్చిన కప్పలు వరసగా కనిపిస్తే తీసుకురాకండి. ఫొటో తీసి, చోటు రాసుకుని వన్యప్రాణి అధికారులకు చెప్పండి.

కారు సంగతి మర్చిపోయాను. డ్రైవరు కాళ్ల కింది మ్యాట్ కూడా తీసి కడగండి. బూట్లు మెరిసేలా తోమి, తడి మట్టి నిండిన ఆ మ్యాట్ మీదే మళ్లీ కాలు పెట్టేవాళ్లు నాకు ప్రతిసారీ ఒకరిద్దరు తగులుతూనే ఉంటారు.