కోనసీమలో గ్యాస్ పైపులైన్లు, బావుల పక్కన ఉండేవారికి వానాకాలం ముందు జాగ్రత్తలు

నైరుతి వానలు పడేలోగా రొయ్యల చెరువులు తవ్వించాలని, గట్లు వేయించాలని, కాలువల్లో పూడిక తీయించాలని కోనసీమలో అందరూ తొందరపడతారు. గ్యాస్ పైపులైను వెళ్లే ఊళ్లలో ఏడాది మొత్తానికీ అజాగ్రత్త పనికిరాని రోజులు ఇవే. పొక్లెయిన్ తొట్టి పంటి దెబ్బ ఒక్కటి చాలు, గొట్టం పైపూత లేచిపోతుంది. ఆ రోజుకు ఏమీ కాకపోయినా, తడి నేలలో అక్కడే తుప్పు మొదలవుతుంది.

అందువల్ల తవ్వకానికి ముందు హద్దురాళ్లను వెతికి చూడాలి. చాలాచోట్ల అవి కొబ్బరి డొక్కల కుప్ప కింద ఉంటాయి, లేదా గేదెను కట్టే గుంజగా మారి ఉంటాయి. రాయి కనిపించకపోతే పైపు లేదనుకోకుండా సంస్థ సిబ్బందిని పిలిపించి, వారి ఎదుటే గుర్తు పెట్టించుకోవాలి. పైపులైను కోసం హక్కు తీసుకున్న పట్టీలో ఇల్లు కట్టడాన్ని, నుయ్యి లేదా చెరువు తవ్వడాన్ని, చెట్టు నాటడాన్ని 1962 నాటి చట్టం నిషేధించింది. భూమి మనదే కదా అన్న వాదన అక్కడ చెల్లదు.

లీకైతే వాసన వస్తుందిలే అన్న నమ్మకం అన్నిటికంటే ప్రమాదకరమైనది. వంటింటి సిలిండరు గ్యాస్‌కు ఆ ఘాటు వాసన మనల్ని హెచ్చరించడానికి కలిపినది. బావి నుంచి వచ్చే సహజవాయువులో ప్రధానమైన మీథేన్‌కు రంగూ లేదు, వాసనా లేదు. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరంలో, అంటే మామిడికుదురు మండలంలోని నగరం గ్రామంలో, గెయిల్ పైపులైను నుంచి వెలువడిన గ్యాస్ ఇళ్ల మధ్య కమ్ముకొని అంటుకోగా 20 మందికి పైగా చనిపోయారు. గాలిలో మీథేన్ సుమారు 5 నుంచి 15 శాతం ఉంటే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. దానితోపాటు వచ్చే బరువైన వాయువులు గాలి కదలని వేకువవేళ పల్లంలోనే నిలిచిపోతాయి.

కాబట్టి ముక్కు కంటే కంటినీ చెవినీ నమ్ముకోవాలి. వాన వెలిసిన తరువాత కూడా నిలవనీటిలో ఒకేచోట బుడగలు తేలుతున్నా, పచ్చని చేలో ఒక చార మాత్రం ఎండిపోతున్నా, నేల దగ్గర బుస్సుమనే శబ్దం వస్తున్నా, ఎండాకాలంలో మంచులాంటి పొగ కనిపించినా అది లీకేనని భావించాలి. అప్పుడు పొయ్యి వెలిగించకూడదు; లైటు వేయకూడదు, వెలుగుతున్నది ఆర్పనూ కూడదు, స్విచ్చిలో పుట్టే రవ్వకు ఆ రెండూ ఒకటే. మోటారుసైకిల్ స్టార్ట్ చేయకుండా కాలినడకనే బయలుదేరాలి. కొబ్బరి మట్టలు ఎటు ఊగుతున్నాయో చూసి గాలికి ఎదురుగా, ఆ దారిలోనే లీకు ఉంటే గాలికి అడ్డంగా నడవాలి. దూరం వెళ్లిన తరువాతే ఫోను తీసి 112కు, పైపులైను బోర్డు మీది నంబరుకు చెప్పాలి. ఆ నంబరును ఇప్పుడే గోడ మీద రాసిపెట్టుకోవడం మంచిది.

గ్యాస్ బావి దగ్గరి ప్రమాదం వేరు. 1995 జనవరిలో పాశర్లపూడి బావిలో ఒత్తిడి అదుపు తప్పి రేగిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. అలాంటి చోటికి చూడడానికి వెళ్లడం, వీడియో తీయడం మూర్ఖత్వం.

రిగ్గు, అంటే గ్యాస్ బావి తవ్వే యంత్రం, పక్కనే పొలం ఉన్నవారు వానకు ముందే ఆ తవ్వకపు బురదను నిలిపే గుంటల గట్లను పరిశీలించి, గండి పడేలా ఉంటే ఫొటోతో సహా పంచాయతీకి, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా తెలియజేయాలి. నూతినీరు ఉప్పగా మారితే నేరం గ్యాస్ బావిదేనని తేల్చడం తొందరపాటే, ఎందుకంటే సముద్రమూ రొయ్యల చెరువులూ కూడా అందుకు కారణం కాగలవు. ఇప్పుడే పరీక్ష చేయించి కాగితం దాచుకుంటే రేపు పోల్చడానికి ఆధారం ఉంటుంది. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండడం మేలు.

లీకు ఆగిందని చెప్పినా, సిబ్బంది మీటరుతో ఇంటింటా చూసేదాకా తిరిగి రాకూడదు. నూతిలో గాని, మోటారు గుంటలో గాని గ్యాస్ తరువాత కూడా నిలిచి ఉండవచ్చు గనుక, మోటారు మునిగిపోయినా సరే, వాటిని పరీక్షించేవరకు ఎవరూ లోపలికి దిగకూడదు.