సముద్రపు గాలిలో క్యాంపర్‌వ్యాన్ ఆనింగ్ వేస్తున్నారా?

స్కాట్లండ్ ఉత్తర తీరానికో, కార్న్‌వాల్‌కో క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుని బయల్దేరే మనవాళ్లు వానకైతే సిద్ధపడే వెళ్తారు, గాలిని మాత్రం లెక్కలోకి తీసుకోరు. వానకు ఆనింగ్, అంటే వ్యాన్ పక్కన నీడకు వేసే గుడ్డ పందిరి, తడుస్తుంది, అంతే. గాలికి దాన్ని పట్టి ఉంచే చేతులు (కడ్డీలు) విరుగుతాయి, ఒక్కోసారి వ్యాన్ పక్క రేకును కూడా చీల్చుకుని ఊడొస్తుంది. ఆనింగ్ నష్టాన్ని బీమాలోంచి మినహాయించే అద్దె ఒప్పందాలూ ఉంటాయి. తాళాలు చేతికి తీసుకునేటప్పుడే ఆ మాట అడిగేయండి.

ముందు గాలి బలం సంగతి. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. 3 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు ఉన్న గుడ్డకు గాలి సూటిగా తగిలితే, గంటకు 36 కిలోమీటర్ల వేగం దగ్గర దాని మీద పడేది సుమారు 47 కిలోల బలం. 54 దగ్గర అది 105, 72 దగ్గర 187. పొద్దున నిలబడిన ఆనింగ్ సాయంత్రానికీ నిలుస్తుందని అనుకోవడం అందుకే ప్రమాదం.

బ్రిటన్ వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ అంచనాలో రెండు అంకెలు కనిపిస్తాయి: సగటు గాలి, గస్ట్. గస్ట్ అంటే ఉన్నట్టుండి వచ్చే విసురు. మేకుల్ని పీకేది అదే, కాబట్టి రెండో అంకెనే చూడండి. గస్ట్ గంటకు 20 మైళ్లు దాటుతుందంటే చుట్టుకునే ఆనింగ్‌కు (హ్యాండిల్ తిప్పితే పెట్టెలోంచి బయటికొచ్చే రకానికి) నేలకు కట్టే పట్టీ తప్పనిసరి, 25 దాటుతుందంటే లోపలికి చుట్టేయడమే. గుడారంలా నేల మీద విడిగా నిలబడే డ్రైవ్-అవే ఆనింగ్‌ను తాళ్లన్నీ కట్టి 35 దాకా ఉంచవచ్చు. 40 చెబితే సందేహించకుండా దించేయండి. మీ ఆనింగ్ పుస్తకంలో ఇంతకన్నా తక్కువ అంకె రాసి ఉంటే దాన్నే పాటించాలి. సిగ్నల్ లేని చోట చెట్లను చూడండి. ఆకులున్న చిన్న చెట్లు మొత్తంగా ఊగుతుంటే గాలి 19 నుంచి 24 మైళ్లు. పెద్ద కొమ్మలు కదులుతూ, గొడుగు పట్టుకోవడం కష్టమైతే 25 నుంచి 31.

వ్యాన్‌ను ఎటు తిప్పి ఆపారన్న దాంట్లోనే సగం పని ఉంది. బ్రిటన్ వ్యాన్లలో పక్క తలుపూ ఆనింగూ సాధారణంగా ఎడమ వైపుంటాయి. అక్కడ ఎక్కువగా వీచేది నైరుతి గాలి. కాబట్టి వ్యాన్ ముక్కు ఆగ్నేయానికి పెడితే కుడి పక్క గాలిని కాస్తుంది, ఆనింగ్ గాలిచాటున పడుతుంది. దీనికో ఇబ్బంది లేకపోలేదు. పక్కనుంచి కొట్టే గాలికి వ్యాన్ ఎక్కువ ఊగుతుంది. గాలి బాగా పెరిగితే ఆనింగ్ దించి, ముక్కును గాలికి ఎదురు తిప్పి పడుకోవడమే మేలు. పైకి లేచే పాప్-టాప్ కప్పు ఉంటే అదీ మూసేయాలి.

చుట్టుకునే ఆనింగ్‌కు అసలు శత్రువు కిందినుంచి దూరే గాలి. పక్కలు తెరిచి ఉంటాయి కాబట్టి గొడుగు తిరగబడ్డట్టే ఇదీ వ్యాన్ పైకి తిరగబడుతుంది. కాళ్లకు మేకులు కొడితే చాలదు, విసురొస్తే కాళ్లలోని లాక్ జారుతుంది. ముందు బార్ మీదుగా వెడల్పాటి పట్టీ వేసి రెండు చివర్లనూ నేలకు కట్టాలి. పట్టీకి ఒక చివర స్ప్రింగ్ ఉండాలి, లేకపోతే ప్రతి విసురూ నేరుగా ఆనింగ్ చేతుల కీళ్ల మీద పడుతుంది. పట్టీ గాలికి బుయ్‌మని మోగుతుంటే ఒక మెలిక వేయండి, ఆగిపోతుంది. ఒక కాలు మరోదానికన్నా కొంచెం దించి ఉంచండి. ఆ 7.5 చదరపు మీటర్ల గుడ్డ మీద ఒక్క మిల్లీమీటరు వాన నిలిచినా 7.5 లీటర్లే కదా అనిపిస్తుంది, కానీ అది మధ్యకు చేరి గుంటైతే గాలి ఆ గుంటనే పట్టుకుని ఊపుతుంది. నడకకు వెళ్లినా, రాత్రి పడుకున్నా దీన్ని లోపలికి చుట్టాల్సిందే. గాలి లేదు కదా అన్న రోజున కూడా.

ఇక మేకులు. అక్కడ వాటిని పెగ్గులంటారు. మనవాళ్లకు ఆ మాటతో వేరేవి గుర్తొస్తాయి గానీ, గాలి రాత్రి నిద్రపట్టేదీ పట్టనిదీ వీటి మీదే. ఆనింగ్‌తో పాటు సంచిలో వచ్చే సన్న తీగ మేకులు పచ్చిక నేలకే, అదీ గాలి లేని రోజుకే. ప్రధాన తాళ్లకు 30 సెంటీమీటర్ల గట్టివి కనీసం ఒక డజను వేరుగా తీసుకెళ్లండి. ఇసుక కలిసిన తీరపు పచ్చికలో, అంటే స్కాట్లండ్ పడమటి తీరంలో మాకెర్ అనే నేలలో, గుండ్రటివి నిలవవు. అక్కడికి ‘వి’ ఆకారపు వెడల్పాటివి కావాలి. గులకరాళ్ల గట్టి పిచ్‌కు (వ్యాన్ నిలిపే చోటుకు) లావుపాటి ఉక్కు మేకులూ, ఇనప సుత్తీ. రబ్బరు సుత్తి అక్కడ ఎగిరి పడుతుందే తప్ప మేకును దింపదు.

మేకు తల ఆనింగ్‌కు అవతలికి వాలాలి, మొన ఆనింగ్ వైపు దిగాలి, సుమారు 45 డిగ్రీల వాలు. తాడు మేకును నేలమట్టం దగ్గరే పట్టాలి. మేకు నాలుగు వేళ్లు పైకి ఉండి తాడు దాని తలకు ఉంటే, ప్రతి విసురుకూ అది మీటలా వంగుతుంది. రాత్రి టార్చ్ వేసి మేకు మొదట్లో చూడండి. దాని చుట్టూ మట్టిలో సన్నటి చీలిక కనిపిస్తే మేకు కదలడం మొదలైనట్టే. ఆ కంతలోనే మళ్లీ కొడితే లాభం లేదు. తీసి జానెడు పక్కన కొట్టండి, లేదా వెనక ఇంకోటి కొట్టి మొదటిదాని తలను దానికి కట్టండి.

డ్రైవ్-అవే ఆనింగ్ గాలిలో వేయడానికి ఇద్దరు కావాలి. గుడ్డను నేల మీద పరిచి, గాలివైపు రెండు మూలలకూ ముందే మేకులు కొట్టండి. ఆ తర్వాతే గాలి నింపడమైనా, పోల్స్ ఎక్కించడమైనా. తలుపుల జిప్పులన్నీ మూసి ఉంచి కొడితేనే బిగువు సరిగ్గా వస్తుంది. గాలివైపు తాళ్లు ముందు, చాటువైపువి తర్వాత. తాడు దాని కుట్టు సాగిన దారిలోనే సూటిగా సాగాలి. వ్యాన్‌తో కలిపే టన్నెల్‌ను కాస్త వదులుగా ఉంచండి. వ్యాన్ స్ప్రింగుల మీద ఊగుతుంది, ఆనింగ్ ఊగదు. బిగించి కడితే ఆ తేడా బీడింగ్ (ఆనింగ్‌ను వ్యాన్ పట్టాలోకి ఎక్కించే అంచు) కుట్టు మీద పడి అది చీలుతుంది. వ్యాన్ కిందినుంచి వచ్చే గాలి ఆనింగ్‌ను బుడగలా లేపుతుంది, కాబట్టి ఆ ఖాళీని మూసే కింది స్కర్టూ (గుడ్డ పట్టీ) చక్రం కప్పూ మరవొద్దు.

గాలి గొట్టాల రకమైతే ఒత్తిడి చూసుకోండి. చాలావాటికి 7 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర చెబుతారు, సరైన అంకె వాటి మీదే ముద్రించి ఉంటుంది. మధ్యాహ్నం 25 డిగ్రీల్లో 7కు నింపింది తెల్లవారుజామున 5 డిగ్రీలకు వచ్చేసరికి ఐదున్నరకు దిగుతుంది. అర్ధరాత్రి గొట్టం వంగితే చిల్లు పడిందని కంగారుపడకుండా పంపు అందుకోండి. ఎండ ఎక్కాక కొంచెం వదలడమూ అంతే ముఖ్యం.

గాలి ఉందని అన్నీ మూసుకుని లోపల బొగ్గుల కుంపటి మాత్రం పెట్టొద్దు. ఆరిపోయినట్టు కనిపించే బొగ్గులు కూడా కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి, దానికి వాసన ఉండదు.

ఒక మోసం తెలుసుకుని ఉండాలి. బ్రిటన్‌లో శీతల వాయుముఖం (ముందుకొచ్చే చల్లగాలి అంచు) దాటగానే వాన ఆగి ఆకాశం తేటపడుతుంది, ‘హమ్మయ్య’ అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే గాలి నైరుతినుంచి వాయవ్యానికి తిరిగి విసురుగా వీస్తుంది. ముక్కు ఆగ్నేయానికి పెట్టిన వ్యాన్ ఇప్పుడు అడ్డం కాయదు, ఆనింగ్ పక్క గోడకే దెబ్బ. అంచనాలో వేగంతో పాటు దిక్కు ఏ గంటకు మారుతుందో చూసి, ఆ వైపు తాళ్లు వెలుతురుండగానే కట్టుకోండి.

దించేటప్పుడు వరస తిరగేయండి. చాటువైపు తలుపు తెరిచి లోపలి గాలిని పోనివ్వాలి, ఆ వైపు తాళ్లు విప్పి గొట్టాల గాలి తీయాలి. గాలివైపు రెండు మూలల మేకులు ఆఖరున. చుట్టుకునే రకమైతే ఒకరు బార్‌ను రెండు చేతులా పట్టుకోవాలి, ఇంకొకరు హ్యాండిల్ తిప్పాలి. విసురు దాన్ని లాక్కుంటే వేలాడకుండా వదిలి పక్కకు తప్పుకోండి. తడిగా మడిచినదాన్ని మర్నాడే విప్పి ఆరబెట్టి, అప్పుడే బీడింగ్ కుట్టూ, తాళ్ల మూలలూ వేలితో తడిమి చూడండి. వంగిన మేకుల్ని సంచిలో మళ్లీ పెట్టొద్దు.